వానల చదువుకు మన బడి నుంచీ దారి ఉంది

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారంలో హోసూరు పక్క పల్లె నుంచి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చారు. పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన పిల్ల. ప్లస్ టూలో లెక్కలు, ఫిజిక్సు తీసుకుంది. మార్కులు బాగానే వచ్చాయి. "వానలు ఎందుకిట్ల మారతా ఉండాయో చదువుతానంటాది సార్. వాన చూసేదానికి చదువెందుకు? అది పెద్ద ఇంగ్లీషు చదువంట. మన తెలుగు బడి పిల్లకు అవుతాదా?" అని అడిగారాయన. పిల్ల తల వంచుకుని నిలబడింది.

ఆ తండ్రి అడిగింది తప్పేమీ కాదు. బళ్లారిలో, షోలాపూరులో, బరంపురంలో, పర్లాకిమిడిలో, యానాంలో తెలుగు తల్లిదండ్రులు అడిగేదీ ఇదే. వాతావరణ మార్పుల గురించి రోజూ పేపర్లో చదువుతున్నాం, టీవీలో చూస్తున్నాం. కానీ దాన్ని విశ్వవిద్యాలయంలో ఒక శాస్త్రంగా చదువుతారని, ఆ చదువు చెప్పేచోట్లు చాలావరకు మన ఇళ్లకు ఒక రాత్రి ప్రయాణం లోపే ఉన్నాయని మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వల్ల పిల్ల ఆశ పడినా మనమే వెనక్కి లాగుతున్నాం. ఆ చదువు ఏమిటో, అందులో కష్టమేమిటో, మన బడి దానికి ఏం చేయగలదో తల్లిదండ్రుల ముందు, తోటి ఉపాధ్యాయుల ముందు పెట్టాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒకే మాట, మూడు అర్థాలు

ముందు మన భాషలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి. తెలుగులో 'వాతావరణం' అనే మాటను మూడు సంగతులకు వాడుతున్నాం. భూమి చుట్టూ ఉన్న గాలి పొర వాతావరణం. ఈ రోజు మబ్బు పట్టిందా, ఎండ కాసిందా అన్నదీ వాతావరణమే. ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి వానలు, ఎండలు ఎలా ఉంటాయన్నదాన్ని పాఠ్యపుస్తకం 'శీతోష్ణస్థితి' అంటుంది. పేపరు మాత్రం దానికీ వాతావరణమే అంటుంది. అందుకే ఒక రోజు చలి ఎక్కువైతే "భూమి వేడెక్కుతోందన్నారే, ఇదేమిటి?" అని పెద్దవాళ్లే అడుగుతారు. ఒక రోజు సంగతినీ ముప్పై ఏళ్ల సంగతినీ ఒకే మాటతో పిలిస్తే వచ్చే తికమక ఇది.

ఇక్కడ మన పిల్లలకు ఇతరులకు లేని ఒక సౌకర్యం ఉంది. తమిళనాడులో పెరిగే తెలుగు పిల్లకు ఒక రోజు సంగతి 'వానిలై' అని, ఏళ్ల తరబడి సంగతి 'కాలనిలై' అని విడివిడిగా తెలుసు. ఒడిశా పిల్లవాడికి 'పాణిపాగ' వేరు, 'జలబాయు' వేరు. కర్ణాటక పాఠ్యపుస్తకంలో 'హవామాన' అంటే రోజువారీ సంగతి, 'వాయుగుణ' అంటే దీర్ఘకాలపు సంగతి. మహారాష్ట్ర పాఠ్యపుస్తకంలో అదే 'హవామాన్' దీర్ఘకాలపు సంగతి, రోజువారీది వట్టి 'హవా'. ఈ నాలుగు భాషల మాటలనూ తెలుగు పక్కన నల్లబల్ల మీద రాసి, ఏది దేనికి వాడతారో అడిగితే ఆరో తరగతి పిల్లలు కూడా తేడా పట్టుకుంటారు. రెండు మూడు భాషల మధ్య పెరగడం మన పిల్లలకు భారమని అనుకుంటాం. ఈ శాస్త్రంలో మొదటి పాఠం దగ్గరే అది ఆసరా అవుతుంది.

ఎగుడుదిగుళ్లు ముందు, మార్పు తరువాత

విశ్వవిద్యాలయంలో ఈ చదువు రెండు మాటల చుట్టూ తిరుగుతుంది. ఒకటి శీతోష్ణస్థితిలో సహజంగా ఉండే ఎగుడుదిగుళ్లు. రెండోది శీతోష్ణస్థితి మార్పు. మొదటిది అర్థం కాకుండా రెండోది అర్థం కాదన్నది మా గట్టి నమ్మకం.

రెండు ఊళ్లు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఏడాది సగటు వాన 600 మిల్లీమీటర్లే. ఒక ఊళ్లో ఏటా 550కి, 650కి మధ్య పడుతుంది. రెండో ఊళ్లో ఒక ఏడు 300, మరో ఏడు 900. సగటు ఒకటే అయినా రెండో ఊరి రైతు బతుకు వేరు. ఆ తేడాను కొలవడానికే లెక్కల్లో క్రమవిచలనం నేర్పుతాం. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చదివి మరిచిపోయే ఆ లెక్కే ఈ శాస్త్రానికి మొదటి పనిముట్టు. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితిని చెప్పడానికి ప్రపంచమంతా 30 ఏళ్ల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020 వరకు. మన దేశంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే నైరుతి వానకు భారత వాతావరణ శాఖ వాడే దీర్ఘకాల సగటు 87 సెంటీమీటర్లు. అది 1971 నుంచి 2020 వరకు ఉన్న లెక్క.

ఈ ఎగుడుదిగుళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మన తాతముత్తాతలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-77 నాటి కరువు మద్రాసు రాజధానిని, మైసూరును, హైదరాబాదును, బొంబాయి ప్రాంతాన్ని కుదిపేసింది. 50 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. వానలు తప్పడానికి పెద్ద కారణం ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో పుట్టిన ఎల్ నినో అని ఇప్పుడు తెలుసు. వాన తప్పడం కరువు కావడానికీ, కరువు అంతమందిని చంపడానికీ ఆనాటి ప్రభుత్వం ధాన్యాన్ని ఓడల్లో బయటికి పోనివ్వడం తోడైంది. భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది. 1904లో దానికి అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జిలో చదివిన లెక్కల మనిషి. వాతావరణ శాస్త్రం ఆయన చదివిన చదువు కాదు. దేశదేశాల రికార్డులు తెప్పించి, గుమస్తాల చేత ఏళ్ల తరబడి లెక్కలు కట్టించి, పసిఫిక్ రెండు అంచుల మధ్య గాలి ఒత్తిడి త్రాసు పళ్లాల్లా ఊగుతుందని కనిపెట్టారు. మన రుతుపవనాల గుట్టు వెతకబోయి ప్రపంచానికంతా పనికొచ్చే సంగతి బయటపెట్టారు.

ఎల్ నినో అంటే పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో సముద్రపు పైపొర మామూలు కన్నా వేడెక్కడం. రెండు నుంచి ఏడేళ్లకు ఒకసారి వస్తుంది. అది వస్తే మన నైరుతి వానలకు ముప్పు ఎక్కువ. కానీ తప్పకుండా కరువే అని లేదు. 1997లో చాలా బలమైన ఎల్ నినో వచ్చింది. దేశంలో వాన మాత్రం సగటు కన్నా 2 శాతం ఎక్కువే పడింది. 2002లో అంతకన్నా బలహీనమైన ఎల్ నినో వస్తే 19 శాతం లోటు పడి దేశం కరువు చూసింది. ఈ తేడాకు కారణం వెతికినవాళ్లకు హిందూ మహాసముద్రంలోనే ఇంకో ఊపు దొరికింది. పడమటి వైపు నీళ్లు వేడెక్కి, ఇండోనేషియా వైపు చల్లబడితే మనకు వాన కలిసొస్తుంది. 1997లో జరిగింది అదే. దీన్ని 1999లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన నలుగురిలో ముగ్గురు భారతీయులు.

ఇంకో సంగతి మనలాంటి చెదిరిన సమాజానికి బాగా అర్థమవుతుంది. ఎల్ నినో ఏడాదిలో సిరొంచలో, రాయచూరులో నైరుతి వాన తగ్గే అవకాశం ఉంటే, తమిళనాడు తీరంలో ఈశాన్య రుతుపవనాల వాన పెరిగే అవకాశం ఉంటుంది. 2015లో దేశానికి నైరుతి వానలో 14 శాతం లోటు. అదే ఏడు డిసెంబరు మొదట్లో చెన్నై మునిగింది. మనవాళ్లు ఉన్న రెండు చోట్ల ఒకే కారణం రెండు రకాలుగా పనిచేసింది.

మార్పును ఎలా పట్టుకుంటారు?

ఇన్ని ఎగుడుదిగుళ్ల మధ్య నుంచి మార్పును ఏరి చూపడం ఈ చదువులో రెండో మెట్టు. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద గాలిలో బొగ్గుపులుసు వాయువును ఎడతెగకుండా కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు పది లక్షల పాళ్లలో దాదాపు 315 పాళ్లు ఉండేది. యంత్రాల యుగానికి ముందు సుమారు 280. ఇప్పుడు 420 దాటింది. ఈ వాయువు భూమి నుంచి పైకి పోయే పరారుణ కిరణాలను పట్టి ఉంచుతుంది. ఇది కొత్త ఊహ కాదు. 19వ శతాబ్దంలోనే ప్రయోగాలు చేసి చూపారు.

సూర్యుడే ఎక్కువ కాస్తున్నాడేమో అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. సూర్యుడే కారణమైతే గాలి పొరల్లో కిందిదీ పైదీ రెండూ వేడెక్కాలి. కొలతల్లో కింది పొర వేడెక్కుతుంటే, దాని పైనున్న పొర చల్లబడుతోంది. అది బొగ్గుపులుసు వాయువు లాంటివి పెరిగినప్పుడు జరిగే పని. కారణాన్ని ఇలా ఆనవాళ్లు చూసి తేల్చడం విశ్వవిద్యాలయంలో నేర్పుతారు. కంప్యూటర్ నమూనాలో మనుషులు కలిపిన వాయువులు లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి నడిపి, ఏది నిజమైన రికార్డుతో సరిపోతుందో చూస్తారు.

మన దేశపు సంగతికి వస్తే, కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ఒక నివేదిక తెచ్చింది. 1901 నుంచి 2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, 1951 నుంచి 2015 మధ్య నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గిందని అందులో ఉంది. వేడి పెరిగితే గాలిలో తేమ పెరిగి వాన ఎక్కువ కావాలి గదా? ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. కానీ పొగ, దుమ్ము రేణువులు ఎండను అడ్డుకుని నేల వేడిని తగ్గించడం వల్ల ఆ పెరుగుదల చాలావరకు అణిగిపోయిందని నివేదిక చెబుతుంది. ఇది 'వేడి పెరిగింది, వాన తగ్గింది' అని ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. చదవాల్సిన సంగతి.

2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత యంత్రాల యుగానికి ముందున్న స్థాయి కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. అంతకు ముందు ఏడాది మొదలైన ఎల్ నినో వేడి కూడా అందులో కలిసి ఉంది. మెట్లెక్కుతూ ఎగిరే పిల్లవాడిని చూడండి. ఎగిరిన ప్రతిసారీ కిందికి దిగుతాడు. దిగేది మాత్రం పై మెట్టు మీద. ఎగురుడు ఎగుడుదిగుళ్లు, మెట్లు మార్పు.

ఈ రెండింటినీ కలగలిపితే రెండు రకాల నష్టం. ప్రతి వరదనూ వాతావరణ మార్పు ఖాతాలో రాసేస్తే పూడిన కాలువల గురించి, చెరువుల్లో కట్టిన ఇళ్ల గురించి అడిగేవాడు ఉండడు. ధాత కరువు నాడు మాత్రం వాన తప్పలేదా, ఇదంతా మామూలే అంటే రాబోయే దానికి సిద్ధపడేవాడు ఉండడు. తూకం తెలిసిన మనుషులు పల్లెకు ఒక్కరైనా ఉండాలి. మన పిల్లల్లోంచి కూడా ఉండాలి.

కోర్సు పేరు చూసి చేర్చకండి

ఇప్పుడు 'క్లైమేట్' అన్న మాట తగిలించిన కోర్సులు చాలా కనిపిస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కొన్నింటిలో పోస్టర్లు, ఉపన్యాసాలు, చట్టాల పరిచయం తప్ప లెక్క ఉండదు. మా అభిప్రాయం సూటిగా చెబుతాం. డిగ్రీలో ఆ పేరున్న కోర్సు కోసం పరుగెత్తనక్కర్లేదు. బీఎస్సీలో ఫిజిక్సు, లెక్కలు, వీలైతే గణాంక శాస్త్రం గట్టిగా చదవాలి. శీతోష్ణస్థితి చదువు ఎమ్మెస్సీలో మొదలుపెట్టినా ఆలస్యం కాదు. వ్యవసాయ బీఎస్సీ చదివినవాళ్లు వ్యవసాయ వాతావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు గేట్ పరీక్ష మీదుగా ఎంటెక్ దారి ఉంది.

ఎమ్మెస్సీలో ఏముంటుంది? గాలి, నీరు కదిలే తీరు చెప్పే గతిశాస్త్రం. వేడి ఒకచోటి నుంచి ఒకచోటికి పోయే తీరు చెప్పే ఉష్ణగతిక శాస్త్రం. మబ్బు పుట్టే విధానం. సముద్రం. ఉపగ్రహం పంపే బొమ్మలు చదవడం. ఏళ్ల రికార్డుల్లోంచి నిజాన్ని ఏరే గణాంకాలు. కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం. అవకలన సమీకరణాలంటే భయపడే పిల్లకు మొదటి ఏడాది కష్టమే. అందుకే కోర్సు చూసేటప్పుడు తల్లిదండ్రులు ఒకే ప్రశ్న అడగాలి. 'సిలబస్‌లో లెక్కలెంత, రికార్డులతో చేసే పనెంత?' జవాబు సరిగ్గా లేకపోతే పేరు ఎంత బాగున్నా ఆలోచించుకోవాలి.

మనం ఉన్నచోటికి దగ్గరలోనే

బెంగళూరులో ఐఐఎస్సీ ఉంది. అక్కడ వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ప్రత్యేక కేంద్రం, శీతోష్ణస్థితి మార్పుకు దివేచా కేంద్రం ఉన్నాయి. ఆ సంస్థలో పనిచేసిన సులోచనా గాడ్గీళ్ గారు లెక్కల మీదుగా రుతుపవనాలకు వచ్చినవారే. 2025లో కన్నుమూశారు. అనంతపురం, పావగడ వైపు వేరుశెనగ రైతుల కోసం ఆమె, ఆమె తోటివారు చేసిన పని మన బడుల్లో చెప్పుకోదగ్గది. ఏళ్ల తరబడి వాన రికార్డులు ముందు పెట్టుకుని, ఏ వారంలో విత్తితే పంట పోయే ప్రమాదం తక్కువో లెక్కగట్టారు. రైతులతో కూర్చుని వారి అనుభవాన్నీ ఆ లెక్కలో కలిపారు. పావగడ కర్ణాటకలో ఉన్నా అక్కడి పొలాల్లో వినిపించేది ఎక్కువగా తెలుగే. ఎగుడుదిగుళ్ల శాస్త్రం మన భాష మాట్లాడే రైతు విత్తనపు గంప దాకా వచ్చిందన్నమాట.

తమిళనాడులో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వ్యవసాయ శీతోష్ణస్థితి పరిశోధన కేంద్రం ఉంది. చెన్నైలో ఐఐటీ, అన్నా విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఉన్నాయి. సరిహద్దు దాటితే తిరుపతి దగ్గర గాదంకిలో పై గాలులను కొలిచే పెద్ద రాడార్‌తో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. షోలాపూరు, ముంబయి వాళ్లకు పుణె దగ్గర. అక్కడ ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ 1962 నుంచి పనిచేస్తోంది. పుణె విశ్వవిద్యాలయంలో వాతావరణ, అంతరిక్ష శాస్త్రాల విభాగం ఉంది. బరంపురం వాళ్లకు సొంత ఊరి విశ్వవిద్యాలయంలోనే సముద్ర శాస్త్రాల విభాగం, భువనేశ్వర్ ఐఐటీలో భూమి, సముద్ర, శీతోష్ణస్థితి శాస్త్రాల విభాగం ఉన్నాయి. యానాం పిల్లలకు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. వాతావరణ, సముద్ర శాస్త్రాలు చెప్పడంలో అది దేశంలో మొదటి వరుసలోది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు ఉంది.

ఐఐటీల ఎమ్మెస్సీ సీట్లకు 'జామ్' పరీక్ష, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 'సీయూఈటీ పీజీ' ముఖ్యమైన ద్వారాలు. మిగతా చోట్ల ఆయా విశ్వవిద్యాలయాల పద్ధతి. అర్హతలు ఏటా కొంత మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చదివే నిర్ణయించుకోవాలి.

ఇంగ్లీషు, ఖర్చు, ఉద్యోగం

దాచకుండా చెబుదాం. ఈ చదువు ఇంగ్లీషులోనే ఉంటుంది. జామ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. తెలుగు బడి పిల్లకు మొదటి ఆరు నెలలు పాఠం వెంట పరుగెత్తడం తప్పదు. కానీ ఆ పిల్లకు 'సంభావ్యత' అంటే ఏమిటో తన భాషలో అర్థమై ఉంటే, ఇంగ్లీషులో నేర్చుకోవాల్సింది ఒక కొత్త మాట మాత్రమే. అర్థం కాకుండా ఇంగ్లీషులోనే బట్టీ పట్టినవాళ్లకు రెండు పనులు మిగిలి ఉంటాయి. పదకొండు, పన్నెండు తరగతుల్లోనే వారానికి రెండు పేజీల ఇంగ్లీషు సైన్సు వ్యాసం చదివించడం బడి చేయగల సాయం.

ఉద్యోగాల మాటా అంతే. వాతావరణ శాఖలో ఉద్యోగాలు వేలల్లో ఉండవు, పోటీ గట్టిది. పరిశోధనలోకి వెళ్తే ఐదారేళ్లు పడుతుంది. జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. బయట అవసరం పెరుగుతోంది. గాలిమరలు, సౌర ఫలకల నుంచి రేపు ఎంత కరెంటు వస్తుందో ఆ కంపెనీలు ముందే లెక్క చెప్పాలి. పావగడలో వేల ఎకరాల్లో ఉన్న సౌర విద్యుత్ పార్కుకూ ఆ లెక్క కావాలి. పంటల బీమాకు, నగరాల వరద ప్రణాళికలకు, విపత్తు నిర్వహణ సంస్థలకు కూడా ఈ చదువు వచ్చినవాళ్లు కావాలి.

డబ్బుకు మించిన సంగతి ఒకటుంది. ఒడిశాలో 1999 అక్టోబరు తుఫానులో దాదాపు పది వేల మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను బరంపురం పక్కన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ముందే అంచనా వచ్చింది, లక్షల మందిని తరలించారు, మృతుల సంఖ్య యాభై లోపే ఉంది. యానాం వాళ్లకు 1996 నవంబరు తుఫాను ఇంకా గుర్తే. అంచనా ఎంత సరైనదైనా అది మనిషికి అర్థమయ్యే భాషలో చేరాలి. ఇప్పుడు రైతులకు వారానికి రెండుసార్లు వ్యవసాయ సలహాలు, జాలర్లకు సముద్ర సమాచారం ప్రాంతీయ భాషల్లో వస్తున్నాయి. సరిహద్దు పల్లెల్లో తెలుగు తప్ప చదవడం రాని అవ్వకు ఆ రాష్ట్ర భాషలో వచ్చిన కాగితం ఏం పనికొస్తుంది? ఆ శాస్త్రమూ, ఆ రాష్ట్ర భాషా, ఇంటి తెలుగూ మూడూ వచ్చినవాళ్లు కావాలి. అలాంటివాళ్లు తయారయ్యే అవకాశం మన బడుల్లోనే ఎక్కువ.

బడి ఇప్పుడే చేయగలిగింది

మన బడులకు ఉన్న ఇబ్బందులు తెలియనివి కావు. తెలుగు పుస్తకాలు ఆలస్యంగా వస్తాయి. సైన్సు ఉపాధ్యాయుల ఖాళీలు నిండవు. అయినా వాన కొలవడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. నిలువు గోడల సీసా, దానికి సరిపోయే గరాటు చాలు. గరాటు నోరు 100 చదరపు సెంటీమీటర్లుంటే, 10 మిల్లీలీటర్ల నీళ్లు పడితే ఒక మిల్లీమీటరు వాన. రోజూ పొద్దున 8.30కి కొలవాలి, వాతావరణ శాఖ కొలిచేది కూడా అప్పుడే. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే దాన్ని వాన రోజుగా లెక్కపెట్టాలి. సెలవుల్లో బడి పక్కన ఉన్న పిల్లలు వంతులేసుకోవాలి.

ఆ నోటుబుక్కులో తేదీ పక్కన కార్తె కూడా రాయించండి. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో నేల చల్లబడుతుందని ఇంట్లో అవ్వాతాతలు చెబుతారు. ఈ ఏడు మృగశిరలో ఎంత పడింది, పోయిన ఏడు ఎంత, ఆరుద్రలో ఎంత అని పట్టిక వేస్తే పదేళ్లకు ఆ మాట ఏ మేరకు నిలుస్తుందో పిల్లలే చూస్తారు. పదేళ్ల రికార్డుతో మార్పును తేల్చలేమని కూడా అప్పుడే చెప్పాలి. ముప్పై ఏళ్లు కావాలి. అందుకే ఆ పుస్తకం ఒక ఉపాధ్యాయుడిది కాకూడదు, బడిది కావాలి. బదిలీ అయిన రోజు తాళంచెవులతో పాటు దాన్నీ అప్పగించాలి.

మార్చి 23 ప్రపంచ వాతావరణ దినం. ఆ రోజు చాలా వాతావరణ కేంద్రాలు పిల్లలను లోపలికి పిలిచి పరికరాలు చూపిస్తాయి. ప్రధానోపాధ్యాయులు నెల ముందు ఒక ఉత్తరం రాస్తే చాలు. ఇంకో మాట ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు. పదో తరగతి తర్వాత లెక్కలు మాన్పించకండి. లెక్కలు ఒకసారి వదిలేస్తే ఈ తలుపు దాదాపు మూసుకున్నట్టే. ఉంచుకుంటే పిల్ల తర్వాత మనసు మార్చుకున్నా నష్టం లేదు.

ఆ రోజు ఆ తండ్రికి మేం ఇంత వివరంగా చెప్పలేకపోయాం. బీఎస్సీ ఫిజిక్సులో చేర్చండి, లెక్కలు వదలనివ్వకండి, మూడేళ్ల తర్వాత నిర్ణయం పిల్లది అన్నాం. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మా నాయన కార్తెలు చెప్తా ఉండె సార్. ఇప్పుడు అవి కలవడం లేదు" అని మాత్రం అన్నారు. కలవడం లేదా, లేక ఎప్పుడూ కొంత తప్పుతూనే ఉండేవా? ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆయన కూతురు చదువుకుంటే చెప్పగలదు. దరఖాస్తు ఫారం మీద సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు ఒక్క రోజు ఆగి దీన్ని ఆలోచించాలని మా మనవి.